పోపుల పెట్టెలో దాగిన దగ్గు

సంక్రాంతి వెళ్ళిన తరువాత మా అద్దంకి ప్రాంతంలో గాలికి కూడా కారం అంటుకుంటుంది. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎర్ర దుప్పట్లు ఆరవేసినట్లు పరచుకొని ఉంటాయి. పొరుగూళ్ళ నుంచి వచ్చిన బంధువులు బస్సు దిగి, కుశలప్రశ్నలకు ముందే రెండు తుమ్ములు తుమ్ముతారు. మేము అలవాటు పడినవాళ్ళం కనుక తుమ్మము, దగ్గుతాము. అందులోనూ మా ఇంటికి నాలుగు గడపల అవతల కారం పట్టే మర ఉన్నది. మాఘం నుంచి వైశాఖం దాకా అది పగలంతా తిరుగుతూనే ఉంటుంది. ఆ నాలుగు నెలలూ మా వీధిలో ఎవరు దగ్గినా కారణం వెదకనవసరం లేదు. ‘మర’ అంటారు. అంతటితో రోగనిర్ణయం ముగిసిపోతుంది.

ఈ సౌకర్యమే క్రితం ఏడాది మా ఇంటిల్లిపాదినీ రెండున్నర నెలలు మోసపుచ్చింది. ఆ వృత్తాంతాన్ని పాఠకులకు మనవి చేయడంలో నా ప్రతిష్ఠకు కొంత భంగమే. అయినా ఇంటి వైద్యాన్ని అభిమానించే ఏ గృహస్థయినా చేయగల పొరపాటు కనుక చెప్పకుండా ఉండలేను.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇంట్లో ముగ్గురం: ఎనభై నాలుగేళ్ళ మా అమ్మ, నా శ్రీమతి, నేను. సెలవులకు హైదరాబాదు నుంచి మనుమరాలు వచ్చి పోతుంటుంది. పద్యాలు చెప్పే పని తప్పిపోయాక కషాయాలు కాచే పని పెట్టుకొన్నాను. ఆరోగ్య పత్రికల పాత సంచికలు ఏ ఏటివి ఆ ఏటికి కుట్టించి అలమారలో భద్రపరిచాను. జలుబు గురించిన పుటల్లో పెన్సిలు గీతలు, అజీర్ణం గురించిన పుటల్లో పసుపు మరకలు ఉంటాయి. మా ఇంట్లో వైద్యుణ్ణి నేనొక్కణ్ణే; తరచు రోగిని కూడా నేనొక్కణ్ణే. నేను కాచి ఇచ్చిన కషాయాలను నా శ్రీమతి నేను చూడనప్పుడు తులసికోటలో పోస్తుందని నాకు చిరకాలంగా అనుమానం. రుజువు చేయలేకపోయాను. మా తులసి మాత్రం వీధిలో అందరి తులసి కంటే ఏపుగా ఉంటుంది.

ఆ ఏడు మార్గశిరంలో ఒకనాటి ఉదయం ముగ్గు వేస్తూ వేస్తూ ఆమె తల తిరిగి అరుగు మీద కూలబడింది. వైద్యుని దగ్గరకు తీసుకువెళితే రక్తపోటు 160/100 ఉన్నదన్నారు. నాలుగు రోజుల తేడాతో మరి రెండుసార్లు చూసి, ఇక మందు తప్పదని రోజుకొక చిన్న మాత్ర రాసి ఇచ్చారు. ఉప్పు తగ్గించమన్నారు. పచ్చళ్ళ పుట్టిల్లయిన మా సీమలో ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం ఉండాలో పాఠకులు గ్రహించగలరు.

మాత్ర మరచిపోకుండా ఉండడానికి ఆమె ఒక ఉపాయం చేసింది. ఆ మాత్రల అట్టను పోపుల పెట్టెలో, ఇంగువ డబ్బా పక్కన పెట్టుకొన్నది. ‘‘రాత్రి చారుకు పోపు వేయకుండా ఈ ఇంట్లో పొయ్యి ఆరదు కదండీ. పోపు వేసే చెయ్యే మాత్ర కూడా తీస్తుంది’’ అన్నది. ఎంత చక్కని ఉపాయం అనుకొన్నాను. నిజానికి ఒక్క రాత్రి కూడా తప్పలేదు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, వాటి నడుమ ఇంగువ వాసన వేసే ఇంగ్లీషు మాత్ర.

మాఘమాసం ప్రవేశించింది. మర మొదలైంది. దగ్గూ మొదలైంది.

అది విచిత్రమైన దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు, ఆయాసం లేదు. గొంతులో ఎవరో ఈకతో గిలిగింతలు పెట్టినట్లు ఉండేదట. పగలు కంటే రాత్రి ఎక్కువ. నడుం వాల్చగానే ఆరంభమయ్యేది. నేను ఏదైనా శ్లోకం చెప్పి అర్థం వివరించబోయేసరికి ఎక్కువయ్యేది. ఇందులో మాత్రం రోగంతో పాటు కొంత స్వప్రయోజనం ఉన్నదని ఇప్పటికీ నా అభిప్రాయం.

మా అమ్మ ఒక్క మాటలో తేల్చింది: ‘‘వేడి చేసిందిరా అబ్బాయ్.’’ ఎదురింటి అమ్మాయి వచ్చి ‘‘కాదు పిన్నిగారూ, చలవ చేసింది’’ అన్నది. మన ఇళ్ళలో సకల రోగాలూ ఈ రెండు గదుల్లోనే కాపురం ఉంటాయి. వేడి అన్నవారు మజ్జిగ తాగమన్నారు. చలవ అన్నవారు మజ్జిగ ముట్టవద్దన్నారు. అరటిపండు ఒకరు మాన్పించారు, నిమ్మకాయ మరొకరు మాన్పించారు. ఫోనులో మా అబ్బాయి చల్లని నీళ్ళు మాన్పించాడు. ‘‘ఇక నాకు మిగిలింది గాలి ఒక్కటేనండీ. అది కూడా మర మీదుగా వస్తోంది’’ అన్నది నా శ్రీమతి.

ఇలా ఉండగా ఏడాదికి సరిపడా కారం పట్టించే రోజు వచ్చింది. కాయలకు తొడిమలు తీయడంలో నేను సాయపడ్డాను. ఆమెకు దగ్గు కనుక ఆ పని నాదేనని ప్రకటించి, అరగంటలో ఆ చేత్తోనే కన్ను నులుముకొన్నాను. తరువాతి కోలాహలం వర్ణించను. ఒకరు వెన్న పెట్టమన్నారు, ఒకరు ఆముదం చుక్క వేయమన్నారు, మా అమ్మ అయితే వీధిలో బాలింతరాలు ఎవరున్నారా అని ఆలోచించడం మొదలుపెట్టింది. నా శ్రీమతి ఇవేవీ వినకుండా నన్ను పంపు దగ్గరకు లాక్కుపోయి, పావుగంట సేపు కంట్లో మంచినీళ్ళు ధారగా పోయించింది. అదే సరియైన పని. కంట్లో శుభ్రమైన నీరు తప్ప మరేదీ వేయకూడదు. చేతుల సంగతి వేరు. మిరపలోని కారపు పదార్థం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కనుక చేతులు మండితే నీళ్ళతో కడిగి లాభం లేదు. ముందు నూనె గాని నెయ్యి గాని బాగా రుద్ది, ఆ తరువాత సబ్బుతో కడగాలి. పని ప్రారంభించడానికి ముందే చేతులకు నూనె రాసుకోవడం మన స్త్రీలకు తెలిసిన జాగ్రత్తే. నాకు తెలిసిందీ ఆనాడే.

కన్ను తెరవగలిగిన తరువాత తొడిమలు తీస్తూ మా అమ్మ అన్నది: ‘‘మన తాతముత్తాతల నాటి నుంచీ ఈ కారమే తింటున్నాం. ఎవరికైనా ఇలా దగ్గు వచ్చిందా?’’ ఇక్కడ నాలోని పండితుడు ఊరుకోలేకపోయాడు. పధ్నాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి ఈ అద్దంకి రాజధానిగానే రాజ్యం చేశాడు. ఎర్రన ఆయన ఆస్థానంలోనే ఉన్నాడు. ఆ రాజుగానీ ఆ కవిగానీ మిరపకాయను కన్నెత్తి చూసి ఎరుగరు. అది అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువారి ఓడల్లో పదహారవ శతాబ్దిలో మన దేశానికి వచ్చింది. చరక సుశ్రుతులు దానిని ఎరుగరు. అప్పటి కారమంతా మిరియాలది, పిప్పళ్ళది, శొంఠిది. మిరియం వలె కారంగా ఉన్నది కనుకనే కొత్త కాయకు మిరప అన్న పేరు వచ్చింది. ఇదంతా సావధానంగా విని నా శ్రీమతి రెండు దగ్గులు దగ్గి, ‘‘అయితే ఎర్రనగారి ఇల్లాలికి ఈ బాధ లేదన్నమాట. అదృష్టవంతురాలు’’ అన్నది.

ఆ సాయంత్రం మా అమ్మ దిష్టి తీసింది. ఉప్పు, ఎండుమిరపకాయలు కోడలి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్లు, వస్తే లేనట్లు అని శాస్త్రం. అవి కొత్త కాయలు. ఘాటు వచ్చింది. ఎంత వచ్చిందంటే ఇంట్లోని ముగ్గురం, ఎదురింటివారూ, పాలు పోయడానికి వచ్చిన మనిషీ వీధిలోకి పరుగెత్తి అరగంట సేపు ఏకకంఠంతో దగ్గాము. దిష్టి లేదని తేలింది. దగ్గు మాత్రం ఉన్నది.

ఇక నా వంతు. మిరియాల కషాయం ఇచ్చాను. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సమభాగాలుగా చేసిన త్రికటు చూర్ణాన్ని తేనెతో నాకించాను. అడ్డసరం ఆకు రసం ఇచ్చాను; ఆ మొక్కలోని సారం నమూనాగానే తరువాతి కాలంలో కఫాన్ని పలుచన చేసే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైనదని ఆమెకు చెప్పాను కూడా. కాని పలుచన చేయడానికి ఆమెకు కఫం ఎక్కడున్నది? సితోపలాది చూర్ణం స్వయంగా కొట్టాను. పటికబెల్లం పదహారు పాళ్ళు, వెదురుప్పు ఎనిమిది, పిప్పళ్ళు నాలుగు, ఏలకులు రెండు, దాల్చినచెక్క ఒకటి. ప్రతి వస్తువూ ముందుదానిలో సగం. బడిపిల్లలకు ఎక్కం నేర్పినంత ముచ్చటైన యోగం. మామూలు జలుబు దగ్గులకు నేటికీ మా ఇంట్లో దానినే వాడుతాము. ఈ దగ్గు మాత్రం దానిని లక్ష్యపెట్టలేదు.

చివరకు అతిమధురం దగ్గర ఆగాను. చరకుడు కంఠానికి హితమైన ద్రవ్యాల్లో చెప్పిన మూలిక అది. తియ్యగా ఉండడం వల్ల నా శ్రీమతి దానిని తులసికోట పాలు చేయకుండా తాగింది. తాగిన కాసేపు గొంతు మెత్తబడేది. నాకు అంతకంటే ఏం కావాలి? రోజుకు రెండు పూటలా, పూటకొక పెద్ద చెంచా చూర్ణం వేసి కషాయం కాచాను. అలా ఒక వారం కాదు, అయిదు వారాలు.

ఆ మధ్యలో ఫాల్గుణ పౌర్ణమికి సింగరకొండ తిరునాళ్ళు వచ్చాయి. ప్రసన్నాంజనేయస్వామి దర్శనం చేసుకొని భవనాశి చెరువు గట్టున కూర్చున్నాము. అక్కడ మర లేదు, మిరప కల్లం లేదు. చెరువు మీది నుంచి చల్లని గాలి వస్తున్నది. ఆమె ఇంట్లో దగ్గినట్లే దగ్గింది. నాకు తట్టవలసిన ఆలోచన అక్కడ తట్టలేదు. ‘‘తిరునాళ్ళ దుమ్ము’’ అన్నాను. కారణం సిద్ధంగా ఉన్నవానికి కళ్ళు పనిచేయవు.

ఇంటికి వచ్చిన వారంలో ఆమె పాదాలు కొద్దిగా వాచాయి. వైద్యునికి చూపిస్తే రక్తపోటు 170 దాటి ఉన్నది. మాత్ర మోతాదు పెంచారు. దగ్గు రెండు వారాలకు మించితే క్షయ పరీక్ష తప్పదని చెప్పి కళ్ళె పరీక్షకు, ఎక్స్‌రేకు పంపారు. ప్రభుత్వ వైద్యశాలల్లో ఆ కళ్ళె పరీక్ష ఉచితం, సందేహించక చేయించుకోవాలి. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. రెండింటిలోనూ ఏ దోషమూ లేదన్నారు. సంతోషించాము. సంతోషం ఆ రాత్రి దగ్గు మొదలయ్యేదాకా నిలిచింది.

ఆ రాత్రి పన్నెండు దాటాక ఆమె లేచి కూర్చొని, ‘‘కాగితం, పెన్సిలు తీసుకోండి’’ అన్నది. ఎందుకన్నాను. ‘‘ఆవకాయ కొలతలు చెబుతాను, రాసుకోండి. ఈ ఏడు నేను కలపగలనో లేదో. అత్తయ్యకు చూపు ఆనడం లేదు, మీకు ఏమీ తెలియదు.’’ హాస్యానికి అన్నదేమో అనుకొన్నాను. కాదు. ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒక గిన్నె, ఆవపిండి ఒక గిన్నె, ఉప్పు ముప్పాతిక, గుప్పెడు మెంతులు, ముక్క మునిగేదాకా నూనె. మధ్య మధ్య దగ్గుతూ చెబుతున్నది. చేతికి అందిన పాత సంచిక వెనుక అట్ట మీద రాసుకొన్నాను. ముప్పై తొమ్మిదేళ్ళ సంసారంలో ఆమె నాకు వంట చెప్పడం అదే మొదటిసారి. పరీక్షలన్నీ బాగున్నాయని పగలు నాతో పాటు నవ్విన మనిషి, ఎవరికీ దొరకని జబ్బేదో తనలో ఉన్నదని లోలోపల నిశ్చయించుకొన్నదని అప్పుడు గాని తెలియలేదు. తెల్లవారగానే ఒంగోలు బస్సు ఎక్కాము.

ఒంగోలులోని వైద్యునికి ముందుగా ఫోను చేస్తే, ‘‘ఆమె వాడుతున్న మందులన్నీ తీసుకురండి’’ అని కబురు చెప్పించారు. నా శ్రీమతి మాట అంటే మాటే. సంచిలోంచి పోపుల పెట్టె తీసి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన మూత తీశారు. గదంతా ఇంగువ వాసన. ఆవాల మీది నుంచి అట్టను రెండు వేళ్ళతో ఎత్తి పేరు చదివి, ‘‘ఇది ఎప్పటి నుంచి?’’ అన్నారు. మార్గశిరం అన్నాము. ‘‘దగ్గు ఎప్పటి నుంచి?’’ మాఘం. ఆయన నవ్వలేదు గాని, నవ్వు ఆపుకొన్నట్లు కనిపించారు.

ఆ మాత్ర ఎనలాప్రిల్. రామిప్రిల్, లిసినోప్రిల్ మొదలైన, పేరు చివర ‘ప్రిల్’ అని ఉండే మందులన్నీ ఒకే కుటుంబానివి. వీటి చరిత్ర మన పాఠకులకు రుచించేదే: బ్రెజిల్ దేశపు ఒక పాము విషాన్ని పరిశోధిస్తూ శాస్త్రజ్ఞులు ఈ దారి కనుగొన్నారు, ఈ కుటుంబంలో మొదటి మాత్రకు 1981లో అమెరికాలో అనుమతి లభించింది. రక్తనాళాలను బిగించే ఒక రసాయనం తయారు కాకుండా ఇవి అడ్డుపడతాయి. అయితే ఏ ఎంజైమును అడ్డుకొంటాయో, అదే మన శ్వాసమార్గంలో బ్రాడికైనిన్ అనే మరో పదార్థాన్ని విరగగొడుతుంటుంది. ఎంజైము పని ఆగితే అది పోగుపడి గొంతును గిలిగింతలు పెడుతుంది. అందరికీ కాదు, కొందరికే. పురుషుల కంటే స్త్రీలకు ఎక్కువ. మొదలుపెట్టిన కొన్ని రోజులకూ రావచ్చు, కొన్ని నెలలకూ రావచ్చు. గుండెకు, మూత్రపిండాలకు ఎంతో మేలు చేసే మందులివి. కనుక ఇది చదివి ఎవరూ తమంతట తాము మాత్ర ఆపరాదు. పొడిదగ్గు ఉంటే ఆ సంగతి మందు రాసిన వైద్యునికి చెబితే, ఇదే మేలు చేసే మరో తరగతి మాత్రకు మారుస్తారు.

‘‘ఇంట్లో ఇంకేమైనా ఇస్తున్నారా?’’ అని ఆయన నన్ను అడిగారు. ఈ ప్రశ్న కోసం నేను జీవితమంతా ఎదురుచూసినట్లు చెప్పుకుపోయాను. త్రికటు, అడ్డసరం, సితోపలాది అన్నిటికీ ఆయన తల ఊపారు. అతిమధురం అనగానే ఊపడం ఆపారు. ఎంత, ఎన్నాళ్ళు అని అడిగారు. చెప్పాను. నా గొంతు అప్పటికే కొంచెం తగ్గింది.

అతిమధురంలోని తీపి సారానికి ఒక గుణం ఉన్నదట. అధిక మోతాదులో, ఎక్కువకాలం వాడితే అది ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపివేస్తుంది, పొటాషియాన్ని వెళ్ళగొడుతుంది. అందువల్ల రక్తపోటు పెరుగుతుంది, పాదాలు వాస్తాయి, పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పవచ్చు. గొంతు బొంగురుపోయినప్పుడు రెండు రోజులు చప్పరించే చిన్న ముక్క వేరు. అయిదు వారాల పాటు రెండు పూటలా కషాయం వేరు. రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా దాని జోలికి పోరాదు. అంటే మా ఇంట్లో జరిగింది ఇది: మాత్ర దగ్గు తెచ్చింది, దగ్గు కోసం నేను అతిమధురం ఇచ్చాను, అతిమధురం రక్తపోటును పెంచింది, అది చూసి మాత్ర పెంచారు. పెంచినవారికి నా కషాయం సంగతి తెలియదు. వారు అడగలేదు, నేను చెప్పలేదు. ‘ఇంటి మందే కదా’ అనుకొన్నాను. ఇంటి మందు కూడా మందేనని అన్ని సంచికలు కుట్టించుకొన్నవాణ్ణి నాకే తోచలేదు.

పొటాషియం పరీక్షలో ప్రమాదం లేదని తేలింది. మాత్ర మార్చారు. అతిమధురం మాన్పించారు. ఇల్లు చేరాక మర మామూలుగానే తిరుగుతున్నది. మొదటి వారం ఏ మార్పూ లేదు. రెండవ వారంలో రాత్రి దగ్గు సగమైంది. నాలుగవ వారానికి పూర్తిగా పోయింది. పాదాల వాపు అంతకుముందే తగ్గింది. రక్తపోటు 130/80కి వచ్చింది. ఆ నిశ్శబ్దానికి అలవాటు పడక నేను నడిరాత్రి మెలకువ వచ్చి, ఊపిరి వినిపిస్తున్నదా అని చెవి యొగ్గేవాణ్ణి. ‘‘ఏమిటండీ ఆ వినడం? పడుకోండి’’ అని చీకట్లోంచి కసురుకొనేది.

మా అమ్మ మాత్రం తాను తీసిన దిష్టి ఆలస్యంగా పనిచేసిందనే అంటుంది. వాదించడం మానుకొన్నాను. కొత్త మాత్రల కోసం నేను మూతకు వారాల పేర్లు రాసిన డబ్బా ఒకటి కొన్నాను. దాంట్లో పెట్టిన రెండవ రోజే ఆమె మాత్ర మరచిపోయింది. అట్ట మళ్ళీ పోపుల పెట్టెలోకి, ఇంగువ పక్కకు చేరింది. నేను దాని మీద మందు పేరు, మొదలుపెట్టిన తేదీ పెద్ద అక్షరాలతో రాసి ఊరుకొన్నాను. నా కషాయాలకు కూడా ఇప్పుడొక పుస్తకం ఉన్నది. ఏది, ఎంత, ఎన్నాళ్ళు అని రాసి, వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడల్లా వెంట తీసుకుపోతున్నాను.

వైశాఖంలో మామిడికాయలు వచ్చాయి. సెలవులకు వచ్చిన మనుమరాలు ముక్కలు తుడిచింది. కొలతలు రాసుకొన్న సంచిక తీసుకొని నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఉప్పు తగ్గించమన్నారు కదా అని గుర్తు చేయబోతే, ‘‘పచ్చడికి ఉప్పు తగ్గితే బూజు పడుతుంది. నేను తినే ముక్కలు తగ్గిస్తాను లెండి’’ అని, నా చేతిలోని కాగితం వంక చూడకుండానే కారం గిన్నెలో పోసింది. ఎర్రని ధూళి లేచింది. ఆమె ఒక్కసారి దగ్గింది.

మా అమ్మ జపమాల ఆగింది. మనుమరాలు చేతిలోని ముక్క వదిలేసింది. నేను అలమార వైపు ఒక అడుగు వేశాను.

‘‘కారమండీ’’ అన్నది ఆమె, చేత్తో ముక్కలు కలుపుతూ. ‘‘ఈసారి నిజంగా కారమే.’’